రేగులగుట్ట పగులు

రేగులగుట్ట తండా,
బూర్గంపాడు మండలం.
మే 14

చెల్లె భార్గవికి,

సైదమ్మ అక్క రాసేది. నువ్వు మంచిగ ఖమ్మం చేరినట్టు మీ బావకు ఫోన్ల చెప్పినవంట. నాకు చెప్పలే. ఆ టైముకు నేను మేకల్తోటి గుట్ట మీద ఉంటనని నీకు ఎరుకే గద. ఫోన్ల మాట్లాడితే నా గొంతు లేస్తది, నువ్వు సిగ్నల్ లేదంటవ్. అందుకే కాయితం పట్టిన.

నువ్వొచ్చి పోయి నాలుగు దినాలాయె, తండాల ఇంకా నీ ముచ్చటే. గాల్లో ఎగిరే నీ కెమెరా, నెత్తి మీద నీ టోపీ, నువ్వు చెప్పేది నలుగురు మొగోళ్లు రాసుకునుడు. హాతీరాం పెదనాయన తండాకు పెద్ద, ఎవ్వరికీ లేచి నిలబడనోడు. ఇంట్లకెళ్లి కుర్చీ తెచ్చి, తన తువ్వాలతోటి తుడిచి నీకేసిండు. నేను మీకందరికి చాయ్ పోసిన. పదకొండు గ్లాసులు. మీ సార్లల్ల ఒకాయన నన్ను చూసి ఈమె ఎవరని అడిగితే, మా అక్క అన్నవ్. గంతే. గుట్ట మీద పగులు నాకు చూపించింది ఈమెనే అని ఇంకొక్క మాట అంటే నీదేం పోయేది?

రెండేండ్ల కింద వానలు తగ్గినంక నేనే ఆ పగులు చూసిన. మద్దిచెట్లు తండా దిక్కు వంగుతున్నయని, కింద ఊట నీళ్లు ఎర్రగ వస్తున్నయని ఇదే హాతీరాం పెదనాయనకు చెప్పిన. మేకలు కాసేదానికి గుట్ట వచ్చి చెవుల చెప్పిందా అని నవ్విండు. కూసున్నోళ్లంత నవ్విన్రు. ఇప్పుడు నువ్వు అదే మాట చెప్తే, అందరూ గుట్ట దిక్కు చూసి దండం పెట్టినంత పని చేసిన్రు.

మాట నాదే. నీ నోట్ల పడ్డంక విలువొచ్చింది.

మంచిగ తిను. చిక్కినవ్.

నీ అక్క,
సైదమ్మ


ఖమ్మం,
మే 25

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. మా ప్రాజెక్టుల ఉత్తరాలు ఎవరికీ రావు, అందరూ వింతగా చూసిన్రు. దస్తూరి ఎవరిదని అడిగిన్రు. మా అక్కదని గర్వంగానే చెప్పిన. ఆ దినం నీ పేరు చెప్పకపోవుడు తప్పే. పక్కన మా పెద్దసారు ఉండే, తొందరల నోటికి రాలే. దాన్ని ఇంత దూరం తీసుకపోతవని అనుకోలే.

పనికొచ్చే మాట రాస్తున్న, కోపం పక్కన పెట్టి చదువు. రోడ్డు వెడల్పు చేస్తామని కాంట్రాక్టర్ మన గుట్ట పాదం నరికిండు. పైన ఉన్నది ఎర్రమట్టి, దాని కింద నున్నటి బండ. పాదం పోయినంక ఆ మట్టి దేన్ని ఆనుకొని నిలబడాలె? వాననీళ్లు పగుల్లకెళ్లి దిగి బండ మీదికి చేరితే మట్టి మొత్తం జారుతది. కింద పద్నాలుగు ఇండ్లున్నయ్. జారిన మట్టి ఎర్రవాగుకు అడ్డం పడితే, వాగు పొలాల మీదికి తిరుగుతది.

పగులుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి ఇనుప మేకులు కొట్టి వచ్చిన. వాటి నడుమ సరిగ్గా యాభై సెంటీమీటర్లు. టేపు మీ ఇంట్లనే పెట్టిన. వచ్చినప్పుడు చెప్పినట్టే పది దినాలకోసారి కొలిచి, తేదీ వేసి నాకు పంపు. మా వాళ్లు నెలకోసారి కంటే రాలేరు. ఈ పని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరక్కా.

జూన్ 20 నాడు గ్రామసభ. పద్నాలుగు ఇండ్లు వానకాలం దాకా స్కూలుకు మారేతందుకు తండా ఒప్పుకోవాలె. నువ్వు మన భాషల చెప్తే ముసలోళ్లకు సమజైతది.

భార్గవి


రేగులగుట్ట తండా,
జూన్ 9

భార్గవికి,

మే 20: యాభై. మే 30: యాభై ఒకటి. జూన్ 8: యాభై మూడు. మూడుసార్లూ రెండేసి మార్లు కొలిచిన. నువ్వు నమ్మొచ్చు. లెక్కల నేను తప్పలే ఎన్నడూ. ఏడో తరగతిల క్లాసు ఫస్టు ఎవరొచ్చిన్రో నీకు ఎరుకనో లేదో. ఆ ఏడే మనల కన్న యాడి పోయింది. ఇద్దర్ల ఒకరు మేకల ఎంట ఉండాలె. నువ్వు చిన్నదానివి, నిన్ను భద్రాచలం హాస్టల్ల వేసిన్రు. నేను కట్టె పట్టిన. దాన్ని ఎవరి తప్పనీ అనలే ఇన్నేండ్లు.

టేపు పట్టుకొని ఎక్కుతుంటే, చెల్లె దగ్గర కొలువుల చేరినవా సైదమ్మా అని ఆడోళ్లు ఎక్కిరిస్తున్నరు. మీ బావ దస్రు సుత నవ్విండు. నవ్వనీ. ఎండల పోయి కొలిచిన.

అది కాదు రాసేది. నిన్న పంచాయితీ ఆఫీసుకు పోయిన. మీ ప్రాజెక్టు పుస్తకం వచ్చింది. మీద మన గుట్ట ఫోటో, పగులు పక్కన నువ్వు వంగి చూసుడు, కింద నీ పేరు. ఇంగ్లీషుల ఉంటే స్కూలు టీచరమ్మ సాహిత్యతోటి చదివిపిచ్చుకున్న. వంగిన చెట్లున్నయ్, ఎర్రనీళ్లున్నయ్, నేను చూపిన తావులన్నీ ఉన్నయ్. ఎవరు చెప్పిన్రని రాసినవ్? "మేకల కాపరుల ద్వారా తెలిసిన సమాచారం" అని రాసినవ్.

కాపరులంటే ఎంతమంది భార్గవీ? ఆ గుట్ట మీద మేకలు కాసేది నేనొక్కదాన్నే.

టీచరమ్మ నా మొఖం చూసి పుస్తకం మూసింది. ఏమన్న అయిందా అక్కా అని అడిగింది. ఏం కాలేదన్న.

సైదమ్మ


ఖమ్మం,
జూన్ 15

అక్కా,

అట్ల రాయాలని మాకు పద్ధతి ఉంది. ఊరోళ్ల పేర్లు వేయరు. నేను ఒక్కదాన్నే రాసిన పుస్తకం కాదు, ముగ్గురు దిద్దిన్రు. నీకు చెప్పి రాయాల్సింది. అది నేను చెయ్యలే.

కొలతలు చూసి మా సారు కుర్చీల నుంచి లేచిండు. పది దినాలల్ల రెండు సెంటీలంటే చిన్న ముచ్చట కాదక్కా, అది సుత పెద్దవాన పడకముందే. నాకు 18 నుంచి డెహ్రాడూన్‌ల ట్రైనింగ్, తప్పించుకునే దారి లేదు. సభకు నేను రాలేను. మా తరఫున ఇంకో సారొస్తడు. ఆయన మాట తండాల ఎవరు వింటరు? నువ్వే నిలబడి చెప్పాలె. నా మీద ఎంత కోపమన్న ఉండనీ, ఆ ఒక్క దినం పక్కన పెట్టు.

భార్గవి


రేగులగుట్ట తండా,
జూన్ 23

భార్గవికి,

సభ అయింది. జనం ఒప్పుకోలే. వాళ్ల ఇండ్లు, వాళ్ల ఇష్టం. నేనేం చేస్త?

పత్తి గింజలు పెట్టినం. మీ బావ వాగొడ్డు చెలక సుత దున్నిండు. రెండు మేకలు ఈనినయ్. కొలత తీయలే, వాన పడి జారుడుగ ఉన్నది.

డెహ్రాడూన్ మంచిగున్నదా? అక్కడ పెద్ద గుట్టలుంటయంట. మా గుట్ట నీ కంటికి ఆనకపోవచ్చు ఇంక.

సైదమ్మ


ఖమ్మం,
జులై 6

అక్కా,

సభల ఏం జరిగిందో నాకు తెలిసింది. మా తరఫున వచ్చిన సారు రాసుకొచ్చిన కాయితం నా ముందల ఉన్నది. హాతీరాం పెదనాయన నిన్ను లేపి, చెప్పు సైదమ్మా, పగులు సంగతి నిజమేనా అని అడిగిండంట. నువ్వు లేచి, "నేను బుద్ధి తెలిసిన కాడి నుంచి చూస్తున్న, ఆ పగులు పాతదే, గుట్ట కదలది" అన్నవంట. ఆ మాట మీదనే అందరూ వద్దని వేలిముద్రలేసిన్రు.

ఇది మూడోసారి చదువుడు. ఎవరో వేరే సైదమ్మ అయి ఉంటదని అనుకున్న. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. బావ ఎత్తి, మీ అక్క గుట్ట పోయిందంటడు. తండా వద్దని తీర్మానం ఇచ్చినంక మళ్ల సభ పెట్టేదాక ఎవరూ కదిలించలేమని ఇక్కడ మా వాళ్లంటున్నరు. ఆ సభ నెలాఖరుకు గాని కాదు.

తిట్టాలని కూసున్న. రెండు కాయితాలు తిట్టి చింపిన. ఎందుకంటే నేను నీ దగ్గర దాచింది ఒకటుంది. అది చెప్పకుండ నిన్ను తిట్టే మొఖం నాకు లేదు.

ఈ ఉద్యోగం ఇంటర్వ్యూల, ఈ పని మీదికి మీకు మనసెట్ల పోయిందని అడిగిన్రు. చిన్నప్పుడు మేకలు కాస్తుంటే చెట్లు వంగుడు చూసిన, ఊట నీళ్లు రంగు మారుడు చూసిన అని చెప్పిన. వాళ్లు రాసుకునుడు ఆపి విన్నరు. నేను ఒక్క దినం మేకలు కాయలే. సెలవులకు వచ్చినప్పుడు నువ్వు చెప్తే విన్న ముచ్చట్లవి. నా పక్కన కూసున్నోళ్లకు నాకంటే మార్కులు ఎక్కువ. నాకు కొలువిచ్చింది నీ ముచ్చట. అందుకే పుస్తకంల నీ పేరు వేయలే. వేస్తే, ఇదంత మీ అక్కదేనా అని ఎవరన్న అడుగుతరని భయం. పద్ధతి గిద్దతి అని రాసిందంత అబద్ధం.

నువ్వు నన్ను చూసి మండుతున్నవని నాకు మొదటి ఉత్తరంలనే తెలిసింది. నేను నిన్ను చూసి ఎనిమిదేండ్ల నుంచి కుళ్లుకుంటున్న. అంటే హాస్టల్ల వేసిన్నాటి నుంచి కాదు, యూనివర్సిటీల చేరిన్నాటి నుంచి. రాళ్ల పేర్లన్నీ బట్టీ పట్టి సెలవులకు వస్తే, నువ్వు చెప్పులు లేకుండ గుట్టెక్కి, ఇక్కడ తడి ఉన్నది, ఇక్కడ బోలుగున్నది అని మడమతోటి చెప్పేదానివి. నేను మెషీన్ పెట్టి చూస్తే నువ్వన్నదే వచ్చేది.

ఈ ఉత్తరం చేతికి రాంగనే పగులు కొలువు. వారంల నాలుగు సెంటీలు దాటితే ఎవ్వరినీ అడుగకు. సభ కోసం చూడకు, నా కోసం చూడకు. కింది పద్నాలుగు ఇండ్లు ఖాళీ కావాలె.

నీ చెల్లె,
భార్గవి


భద్రాచలం, పెద్ద దవాఖానా,
జులై 17

చెల్లె భార్గవికి,

నిన్న ఫోన్ల మాట్లాడినం గని నీ ఏడుపుతోటి నేనేం చెప్పలేకపోయిన. అయిందంత రాస్తున్న. ఇక్కడ మన గుట్ట కింది ఇంటి ఆదెమ్మ అత్త మంచం పక్కన కూసుండి రాస్తున్న. ఆమె పండుకున్నది.

ముందల సభ ముచ్చట. చెప్దామనే పోయిన్నే. మీ సారు నన్ను లేపి, ఈమె మా భార్గవి మేడం అక్క అని అందరికీ చెప్పిండు. నేను పుట్టిన తండాల, నన్ను నీ పేరుతోటి ఎరుక చేసిండు. హాతీరాం పెదనాయన, అరే మా భార్గవి చెప్పినంక ఇంకేముంది, ఈమె ఊ అంటే అయిపాయె అన్నడు. నేను ఊ అనేతందుకే లేపిన్రు.  నేను ఒకనాడు నిజం చెప్తే నవ్విన్రు గద, ఇయ్యాల అబద్ధం చెప్తే ఏమంటరో చూద్దామనుకున్న. చెప్పిన. అందరూ నమ్మిన్రు. బతుకుల మొదటిసారి తండా నా మాట నమ్మింది. ఆ దినం ఇంటికొచ్చి పండుగ లెక్క కోడి కోసిన. మీ బావ ఎందుకని అడిగితే నవ్విన.

తెల్లారి కొలువబోయి టేపు తీసి మళ్ల పెట్టేసిన. కొలిస్తే నా మాట అబద్ధమని నాకే రాసుకోవాలె. అందుకే కొలువలే.

నీ ఉత్తరం పదకొండు నాడొచ్చింది. ఇంటర్వ్యూ ముచ్చట చదివి నీ మీద కోపం రాలే. సంబురమైంది, దాచను. నా మాటకు కొలువొచ్చింది గద అనుకున్న. తర్వాత సిగ్గయింది. పన్నెండు నాడు పొద్దున వాన తెరిపిచ్చినప్పుడు గుట్టెక్కిన. మేకుల నడుమ డెబ్బై ఒకటి. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. లోపల నీళ్లు పారుతున్న చప్పుడు.

దిగి ఉరికిన. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. ఎవరూ లేవలే. నువ్వే గద పాతదన్నవ్ అన్నరు. ఏం తప్పన్నరు వాళ్లు? హాతీరాం పెదనాయన ఇంటి ముందల పదిమంది కూసుండి ఉన్నరు. వాళ్ల నడుమ నిలబడ్డ. పెదనాయనా, నేను సభల అబద్ధం చెప్పిన అన్న. ఎందుకని అడిగిండు. గుట్ట సంగతి తెల్వక అనలే, నా చెల్లె మీద ఓర్వలేక అన్న అని చెప్పిన. ఒక్కరు నవ్వలే. నవ్వితే బాగుండు అనిపిచ్చింది. మీ బావ తల వంచుకొని లేచి పోయిండు. పోయి మా మంచాలు ట్రాక్టరు మీద వేస్తుంటే, అది చూసి ఒక్కొక్కరే కదిలిన్రు. మా ఇల్లు ఆ పద్నాలుగుల లేదు గద. లేని మేమే సర్దుకుంటుంటే వాళ్లకు భయమైంది.

పొద్దుమూకే వరకు పదమూడు ఇండ్లోళ్లు స్కూలుకు చేరిన్రు. పద్నాలుగో ఇల్లు ఆదెమ్మ అత్తది, ఆమె చివరిగ వచ్చింది. వస్తా వస్తా నా మొఖం దిక్కు చూసి, పోయిన నెల ఉండమంటివి, ఇయ్యాల పొమ్మంటివి, రేపేం చెప్తవ్ అన్నది. 

తెల్లారి తొమ్మిదింటికి ఎండ పొడిచింది. అందరూ నన్ను చూసుడు మొదలుపెట్టిన్రు. ఏదీ గుట్ట, కదల్లేదు గద అని. ఆదెమ్మ అత్త, మేకపిల్ల దొడ్లనే ఉన్నది, పాలు తాపి వస్తనని బయలెల్లింది. నేను చెయ్యి పట్టి ఆపిన. నీ మాట ఇంక వద్దే సైదమ్మా అని ఇడిపిచ్చుకున్నది.

అర్ధగంట కాలే. చప్పుడు నువ్వనుకున్నట్టు ఉరుము లెక్క రాలే. చెట్ల వేర్లు తెగే చప్పుడు ముందొచ్చింది. చూస్తుంటే మద్దిచెట్లు నిలబడ్డయి నిలబడ్డట్టే కిందికి నడిచొచ్చినయ్. తొమ్మిది ఇండ్లు మట్టిల పోయినయ్. మట్టి వాగుకు అడ్డం పడింది, నీళ్లు తిరిగి మన వాగొడ్డు చెలకంత ముంచినయ్. ఆదెమ్మ అత్త దొడ్డి గోడ కింద దొరికింది. చేతుల్తోటి తవ్వినం, మీ బావ, నేను, హాతీరాం పెదనాయన. బతికున్నది. కుడికాలు మాత్రం నుజ్జైంది.

గోదారి రెండో హెచ్చరిక దాటి ఉండే, అంబులెన్సు రాలే. నడుము లోతు నీళ్లల్ల ట్రాక్టరు మీద తెచ్చినం. ఇక్కడ డాక్టర్లు మోకాలి కిందికి తీసేసిన్రు.

ఆమెకు తోడు నేనే ఉంట. వేరే ఎవరన్న వస్తమంటే వద్దన్న. ఆమె నాతోటి మాట్లాడతలేదు. నీళ్లిస్తే తాగుతది, మొఖం తిప్పుకుంటది.

సైదమ్మ


ఖమ్మం,
జులై 26

అక్కా,

పదమూడు ఇండ్లోళ్లు ఇయ్యాల ప్రాణంతోటి ఉన్నరంటే నువ్వు లేపబట్టే. నేను పంపిన కాయితాలకు ఎవరూ లేవలే. ఇది నిన్ను ఊరడించేతందుకు రాసుడు కాదు, మా సారు అన్న మాట.

గుట్ట జారుడు మీద కొత్త రిపోర్టు నేనే రాయాలె. పగులు మొదలు చూసింది సైదమ్మ అని, కొలతలు తీసింది సైదమ్మ అని పేరు పెట్టి రాస్త. ఇంటర్వ్యూ ముచ్చట మా సారుకు చెప్పిన.  ఆయన, మరి ముందల ఆమె పేరు రాయి అన్నడు.

సభ సంగతి మాత్రం రిపోర్టుల పెట్టను. తండా ఒప్పుకోలేదని రాస్తే సరిపోతది. ఎవరన్నరనేది ఎవరికీ అవసరం లేదు. ఆదివారం దవాఖానాకు వస్తున్న.

భార్గవి


భద్రాచలం దవాఖానా,
ఆగస్టు 5

చెల్లె భార్గవికి,

ఆదివారం నీతోటి నిలబడి మాట్లాడేతందుకు కాలే, మందుల కోసం తిరుగుడే అయింది. అందుకే రాస్తున్న.

నా పేరు రాస్తే రెండూ రాయి. మొదలు చూసింది సైదమ్మ, సభల అబద్ధం చెప్పింది సైదమ్మ. ఒకటే రాస్తే ఒద్దు. ఇంకో తండాల ఇంకో సైదమ్మ ఉంటది. సభల ఆమెను లేపి మేడం అక్క అని చెప్పేటోళ్లకు, ముందల ఆమె పేరు అడగాలని తెల్వాలె. నేను చేసింది అందుకు మాఫ్ అయితదని కాదు. మాఫ్ చేసేది ఆదెమ్మ అత్త, ఆమె ఇంక చెయ్యలే.

ఇంకో ముచ్చట. నువ్వొచ్చినప్పుడు ఆదెమ్మ అత్త నీ చెయ్యి పట్టుకొని ఏడిసింది. ఇరవై దినాల నుంచి నా ముందల ఒక్క చుక్క కంట నీళ్లు పెట్టలే. ఆమె ఒంటికి, రెంటికి నేనే చూస్తున్న, తల దువ్వుతున్న. నువ్వు సంత్రా పండ్లు పట్టుకొచ్చి గంట కూసున్నవ్, నీ భుజం మీద పడి ఏడిసింది. నేను గిన్నెలు పట్టుకొని నల్లా కాడికి పోయిన. కడిగిన గిన్నెలే మళ్ల కడిగిన. ఇంత అయినంక సుత నాకు అదే ఓర్వలేనితనం. సిగ్గిడిసి రాస్తున్న, నీ దగ్గర దాచి ఏం చేస్త? చస్తే గాని పోదేమో అది.

నువ్వు బస్సెక్కినంక లోపలికి పోయి, ఆమె కాలు కింద మెత్త సర్దిన. మొఖం గోడ దిక్కే పెట్టి ఆమె అడిగింది, నాతోటి మాట్లాడుడు అదే మొదలు.

"నీ చెల్లె మళ్ల ఎప్పుడొస్తది?"

నువ్వు నాకేం చెప్పలే. తెల్వదని చెప్పొచ్చు. ఖమ్మంల పని ఎక్కువ, ఇప్పట్ల రాదని సుత చెప్పొచ్చు. అదే నోటి దాకా వచ్చింది.

శనివారం వస్తదని చెప్పిన.

రా.

సైదమ్మ